పని తీరు మారాలంటే ముందు మీ చేతిలో ఉన్నవి మారాలి: సంస్థల అధిపతులకు బహిరంగ లేఖ

సంస్థలను నడిపిస్తున్న ఎండీలకు, సీఈఓలకు, బోర్డు సభ్యులకు

నమస్కారం.

ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ (పని జరిగే తీరును మెరుగుపరచడం) పేరుతో మీరు మొదలుపెట్టే కార్యక్రమాలు ఎందుకు నిలబడటం లేదో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం. పేరు లీన్ కావచ్చు, సిక్స్ సిగ్మా కావచ్చు, రీ-ఇంజినీరింగ్ (పని పద్ధతిని మొదటి నుంచి కొత్తగా రూపొందించడం) కావచ్చు, డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ కావచ్చు. నడక మాత్రం ఒకటే. మొదటి నెలలో పెద్ద సభ, పోస్టర్లు, శిక్షణ తరగతులు. ఆరో నెలకల్లా రిపోర్టుల్లో అంకెలు బాగుపడతాయి. ఏడాదిన్నర తిరిగేసరికి ఎక్కడి గొంగళి అక్కడే. అప్పుడు బోర్డు ముందుకు వచ్చే సంజాయిషీ కూడా ఒకటే: "సిబ్బంది మార్పును ఒప్పుకోలేదు."

ఆ సంజాయిషీని వెంటనే నమ్మవద్దని మా మొదటి విన్నపం. సిబ్బంది ఒప్పుకోకపోవడం చాలాసార్లు చివర్లో పైకి కనబడే లక్షణం. దాని వేళ్ళు అధికారంలో, కొలమానాల్లో, సమయంలో, ఉద్యోగ భద్రతలో ఉంటాయి. ఆ నాలుగూ మీ సంతకంతో తప్ప మారవు.

"ఇలాంటి కార్యక్రమాల్లో 70 శాతం విఫలమవుతాయి" అనే మాట మీరు ఎన్నో ప్రెజెంటేషన్లలో చూసే ఉంటారు. 1993లో రీ-ఇంజినీరింగ్ గురించి రాస్తూ మేనేజ్‌మెంట్ రచయితలు మైకేల్ హామర్, జేమ్స్ చాంపీ 50 నుంచి 70 శాతం సంస్థలు ఆశించిన ఫలితం పొందడం లేదన్నారు. అది శాస్త్రీయమైన లెక్క కాదని అక్కడే చెప్పారు కూడా. 2011లో మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు ఈ 70 శాతం మాట ఎక్కడెక్కడ ఎలా వచ్చిందో పరిశీలించి, దానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అందుకే ఆ అంకెను మీ ముందు పెట్టడం లేదు. దానికి బదులు ఒక్క బిల్లు వెంట నడుద్దాం రండి. కార్యక్రమం ఎక్కడ చతికిలబడుతుందో అదే చూపిస్తుంది.

సప్లయర్ నుంచి వచ్చిన ఒక మామూలు బిల్లు. పర్చేజ్ ఆర్డర్‌లో 40 పెట్టెలు అని ఉంది. సరుకు వచ్చాక స్టోర్స్ వాళ్ళు పెట్టెలు విప్పి, లెక్కపెట్టి, 480 పీసులు అందినట్టు కంప్యూటర్‌లో ఎక్కించారు. పెట్టెకి 12 చొప్పున సరుకు సరిగ్గా ఉంది. సప్లయర్ 40 పెట్టెలకే బిల్లు పంపాడు. అకౌంట్స్‌లో కంప్యూటర్ మూడింటినీ సరిచూసింది: ఆర్డర్ 40, రసీదు 480, బిల్లు 40. కుదరలేదని బిల్లు ఆగిపోయింది. అకౌంట్స్ గుమాస్తా స్టోర్స్‌కి మెయిల్ పెట్టాడు. రెండు రోజుల తర్వాత స్టోర్స్ నుంచి జవాబు: "మేం ఎక్కించింది సరిగ్గానే ఉంది, పర్చేజ్‌ని అడగండి." పర్చేజ్ వాళ్ళు నాలుగో రోజున చూసి, "ఆర్డర్‌లో తప్పేం లేదు, రసీదు మార్చమనండి" అన్నారు. రసీదు మార్చాలంటే స్టోర్స్ మేనేజర్ అప్రూవల్ కావాలి. ఆయన వారానికి రెండుసార్లు ఆ స్క్రీన్ తెరుస్తారు. ఇలా తిరిగి తిరిగి 18 పనిదినాల తర్వాత డబ్బు చెల్లించారు. ఆ 18 రోజుల్లో ఎవరైనా ఆ బిల్లు మీద నిజంగా పనిచేసింది అంతా కలిపి 25 నిమిషాలు. రోజుకి 8 గంటల చొప్పున 18 రోజులంటే 8,640 నిమిషాలు. అందులో 25 నిమిషాలు పని, మిగతాదంతా ఎదురుచూపు.

తప్పు పుట్టింది ఐటమ్ మాస్టర్‌లో, అంటే ప్రతి వస్తువు వివరాలూ ఉండే కంప్యూటర్ పట్టికలో. కొనే యూనిట్ పెట్టె అని, నిల్వ యూనిట్ పీసు అని రాసి, 1 పెట్టె అంటే 12 పీసులు అనే ఒక్క లైను ఎక్కించలేదు. ఆ వస్తువుకి ఆ లైను ఎక్కిస్తే దానికి సంబంధించిన బిల్లులు ఈ కారణంతో మళ్ళీ ఆగవు. మరి ఎందుకు ఎక్కించలేదు? ఐటమ్ మాస్టర్ ఎవరిదో సంస్థలో ఎవరికీ స్పష్టంగా తెలియదు కాబట్టి. కొత్త వస్తువును పర్చేజ్ అడుగుతుంది, ఐటీ వాళ్ళు తెరిచిపెడతారు, స్టోర్స్ వాడుకుంటుంది. నొప్పి అకౌంట్స్‌కి. పుండు ఒకచోట, కట్టు ఒకచోట.

ఇప్పుడు కార్యక్రమం మొదలవుతుంది. బిల్లుల ఆలస్యం అకౌంట్స్‌లో కనబడుతోంది గనుక అకౌంట్స్ మేనేజర్‌ని పిలిచి "18 రోజులను 7 రోజులకు తేవాలి" అంటారు. రెండు రోజుల వర్క్‌షాప్. గోడనిండా రంగు చీటీలు. బిల్లు రావడం, నమోదు, సరిచూడటం, అప్రూవల్, చెల్లింపు వంటి ఏడు గడుల బొమ్మ. ఏ ఆటంకమూ లేని బిల్లు ఎలా వెళ్తుందో ఆ బొమ్మ చక్కగా చూపిస్తుంది. పైన చెప్పిన బిల్లు ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. ప్రతి గడి దగ్గరా నూటికి 95 సరిగ్గా జరుగుతున్నాయనుకోండి. ఏ విభాగం రిపోర్టు చూసినా 95 శాతం అనే ఉంటుంది, ఎవరికీ చింత ఉండదు. కానీ ఏడు గడులూ వరసగా దాటాలి కదా: 0.95ని ఏడుసార్లు గుణిస్తే దాదాపు 0.70. అంటే నూటికి 30 బిల్లులు ఎక్కడో ఒకచోట ఆగుతాయి, లేదా వెనక్కి వస్తాయి. వాటి దారి గీస్తేనే అసలు ప్రాసెస్ బయటపడుతుంది.

ఆ పని చేసే పద్ధతి కష్టమైనది కాదు. ఇటీవల ఆగిపోయిన 30 బిల్లులు తీయండి. మంచివి ఏరకండి, వరసగా తీయండి. ప్రతి బిల్లుకీ ఎప్పుడు వచ్చింది, ఎవరి దగ్గర ఎంతసేపు ఉంది, ఎందుకు కదలలేదు, ఎవరు ఏం చేస్తే కదిలింది అనేవి తేదీ, టైముతో సహా రాయండి. ఆ పని చేసే గుమాస్తా పక్కన కూర్చుని రాయండి, మీటింగ్ రూములో జ్ఞాపకం మీద రాయకండి. ముప్పై పూర్తయ్యేసరికి ఎక్కువ భాగం రెండు మూడు కారణాల దగ్గర గుమిగూడి కనబడుతుంది. వర్క్‌షాప్‌కి రెండు రోజులు ఇవ్వగలిగిన సంస్థ ఈ పనికి నాలుగు రోజులు ఇవ్వలేకపోవడం ఉండదు. అడిగేవాళ్ళు లేకే జరగదు.

కారణం దొరికాక అసలు అడ్డంకి మొదలవుతుంది, అది అధికారం. అకౌంట్స్ మేనేజర్ ఐటమ్ మాస్టర్‌ని మార్చలేరు. స్టోర్స్‌లో రసీదు ఎలా ఎక్కించాలో చెప్పలేరు. పర్చేజ్ హెడ్ ఆయన కన్నా రెండు మెట్లు పైన ఉంటారు. అలాంటి మనిషికి "ప్రాసెస్ ఓనర్" (ఆ పని మొదలు నుంచి చివరిదాకా చూసుకునేవారు) అని పేరు పెడితే బాధ్యత వస్తుంది, అధికారం రాదు. ఇది మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కారణం, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

1980లలో ఫోర్డ్ సంస్థ ఉత్తర అమెరికా బిల్లుల చెల్లింపు విభాగంలో 500 మందికి పైగా పనిచేసేవారు. పనిని కంప్యూటర్ మీదికి తెచ్చి 20 శాతం తగ్గించాలని మొదట అనుకున్నారు. జపాన్ కార్ల సంస్థ మాజ్డాలో ఆ పని 5 మందితో నడుస్తోందని తెలిశాక ఆలోచన మొత్తం మారింది. పాత పద్ధతిలో ఆర్డర్, రసీదు, బిల్లు మధ్య 14 అంశాలు సరిపోవాలి. కొత్త పద్ధతిలో బిల్లు అన్నదే తీసేశారు. సరుకు రాగానే దింపుకునే చోటే ఆర్డర్‌తో సరిచూస్తారు. కుదిరితే తీసుకుంటారు, కుదరకపోతే వెనక్కి పంపుతారు. తీసుకున్నదానికి కంప్యూటరే చెల్లింపు సిద్ధం చేస్తుంది. సరిచూడాల్సిన అంశాలు 3కి దిగాయి, సిబ్బంది అవసరం 75 శాతం తగ్గింది. హామర్ 1990లో రాసిన ఈ ఉదాహరణను అందరూ చెబుతారు, కానీ దానిలో అకౌంట్స్ తలుపు అవతల ఎంత మారిందో చెప్పరు. సరుకు దింపుకునేవాళ్ళ పని మారింది, కొనేవాళ్ళు ఆర్డర్ రాసే తీరు మారింది, సప్లయర్లతో ఒప్పందం మారింది. ఒక్క అకౌంట్స్ మేనేజర్ సంతకంతో అయ్యే పనులా ఇవి?

కాబట్టి ప్రాసెస్ ఓనర్‌గా ఒకరిని నియమించే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఆ వ్యక్తి ఒక అనవసరమైన అప్రూవల్‌ని తీసేయాలనుకుంటే మీ దాకా రాకుండా తీసేయగలరా? ఐటమ్ మాస్టర్‌లో మార్పు చెబితే ఐటీ ఎన్ని రోజుల్లో చేయాలన్న గడువు రాతలో ఉందా? పర్చేజ్, స్టోర్స్, అకౌంట్స్ హెడ్‌ల ఏడాది పనితీరు అంచనాలో ఆ వ్యక్తి మాటకి చోటు ఉందా? మూడింటికీ "లేదు" అని జవాబు వస్తే, ఆ నియామకం ఆయన్నో ఆమెనో బలిచ్చినట్టే. మూడు విభాగాలూ ఎవరి కింద కలుస్తాయో ఆ మనిషే ఓనర్ కావాలి. చాలా సంస్థల్లో అది మీరే, లేదా మీ నుంచి ఒక్క మెట్టు కింద ఉన్నవాళ్ళు.

రెండోది కొలమానాలు. పర్చేజ్‌ని మీరు దేంతో కొలుస్తున్నారు? ధర ఎంత తగ్గించారన్నదానితో. అందుకని వాళ్ళు ఒకేసారి పెద్ద లాటు కొంటారు, స్టోర్స్‌లో చోటు నిండిపోతుంది. స్టోర్స్‌ని షిఫ్టుకి ఎన్ని రసీదులు ఎక్కించారన్నదానితో కొలుస్తున్నారు. యూనిట్ సరిపోయిందా అని ఆగి చూసే తీరిక ఉండదు. అకౌంట్స్‌ని ఎన్ని బిల్లులు "క్లోజ్" చేశారన్నదానితో కొలుస్తున్నారు. కుదరని బిల్లును వివరణ కోరుతూ తిప్పి పంపితే వాళ్ళ లెక్కలో అది క్లోజ్ అయినట్టే. తిరిగి వచ్చినప్పుడు కొత్త బిల్లుగా మళ్ళీ సున్నా నుంచి రోజులు లెక్క. రిపోర్టులో సగటు 6 రోజులు, సప్లయర్‌కి మాత్రం 18 రోజులు. ఇందులో ఎవరూ మోసగాళ్ళు కారు. ఏ అంకె మీద తమ ఇంక్రిమెంట్ ఆధారపడిందో ఆ అంకెను ప్రతి ఒక్కరూ కాపాడుకుంటున్నారు. పని పద్ధతి మార్చి ఈ అంకెలను అలాగే ఉంచితే, కొత్త పద్ధతి ఆ అంకెలకు తగ్గట్టు వంగిపోతుంది తప్ప అంకెలు పద్ధతికి తగ్గట్టు మారవు.

మందు స్పష్టంగానే ఉంది. బిల్లు సంస్థ గడప తొక్కిన క్షణం గడియారం మొదలవ్వాలి, సప్లయర్ ఖాతాలో డబ్బు పడ్డాకే ఆగాలి. మధ్యలో తిప్పి పంపినా ఆగకూడదు. ఆ ఒక్క అంకెనే మూడు విభాగాల హెడ్‌లకూ ఉమ్మడిగా పెట్టండి. సగటు ఒక్కటే చూడకండి. 7 రోజుల్లోపు అయినవి నూటికి ఎన్ని, అన్నిటికన్నా పాత బిల్లు వయసు ఎంత అనే రెండూ చూడండి. పాత బిల్లు సగటులో మునిగిపోతుంది, అసలు జబ్బు దానిలోనే ఉంటుంది. దీంతో పాటు విభాగాలకు విడివిడిగా ఉన్న పాత టార్గెట్లలో కనీసం ఒకటి ఎత్తేయండి. పాతవన్నీ ఉంచి కొత్తది చేరిస్తే జనం పాతదానికే కట్టుబడతారు.

మూడోది సమయం. "మామూలు పని ఆపకుండా, దాంతో పాటే ఇదీ చేయండి" అనే మాట మీ నోటి నుంచి వచ్చిన రోజే కార్యక్రమం సగం చచ్చిపోతుంది. దీని వెనక లెక్క ఉంది. ఒకే మనిషి దగ్గరికి పనులు క్రమం లేకుండా వస్తూ, ఒక్కో పనికి పట్టే సమయం కూడా మారుతూ ఉంటే, వరసలో ఎదురుచూపు ఆ మనిషి ఎంత నిండా పనిలో ఉన్నాడన్నదాన్ని బట్టి పెరుగుతుంది. క్యూల లెక్కల్లో అన్నిటికన్నా సాదా నమూనా ప్రకారం, 80 శాతం నిండి ఉంటే సగటు ఎదురుచూపు ఒక పనికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతానికి 9 రెట్లు. 95 శాతానికి 19 రెట్లు. ఒక్క నిమిషం కూడా ఖాళీ లేకుండా అందరూ పనిలో ఉండటం మీ కంటికి సామర్థ్యంలా కనిపిస్తుంది. బిల్లుకి మాత్రం అదే 18 రోజుల క్యూ. అలాంటి మనిషి నెత్తిన మెరుగుదల పని కూడా పెడితే రెండూ ఆగుతాయి. టీములో ఉన్న ప్రతి ఒక్కరికీ వారంలో ఒక పూర్తి రోజు రాసివ్వండి, ఆ రోజు వాళ్ళ పని ఎవరు చూస్తారో పేరుతో సహా రాయండి. పేరు రాయకపోతే ఆ రోజు ఇచ్చినట్టు కాదు.

ఇక్కడే ఎక్కువమంది మరిచిపోయే సంగతి ఒకటుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక సూత్రం ప్రకారం, నిలకడగా నడిచే ఏ వ్యవస్థలోనైనా సగటున చేతిలో ఉన్న పనుల సంఖ్య, రోజుకి వచ్చే పనులను ఒక్కో పని లోపల ఉండే రోజులతో గుణిస్తే వచ్చే సంఖ్యే. రోజుకి 50 బిల్లులు వస్తున్నాయి, 50 పోతున్నాయి, చేతిలో 900 ఉన్నాయి: 18 రోజులు. 7 రోజులు కావాలంటే చేతిలో 350 మించి ఉండకూడదు. మిగతా 550 ఎవరు తీస్తారు? ఐటమ్ మాస్టర్ సరిచేసినా, అప్రూవల్స్ తగ్గించినా, రోజుకి 50 వచ్చి 50 పోతున్నంతకాలం ఆ 900 అలాగే ఉంటాయి, 18 రోజులూ అలాగే ఉంటాయి. మెరుగుదల వల్ల మిగిలిన సమయంతోనో, ఓవర్‌టైమ్‌తోనో, తాత్కాలికంగా ఇచ్చిన మనుషులతోనో రోజుకి 60 చొప్పున తీస్తే 55 పనిదినాలకు ఆ గుట్ట కరుగుతుంది. ఈ గుట్ట కరిగించే ఖర్చు బడ్జెట్‌లో వేయని కార్యక్రమం మూడో నెల రివ్యూలో "ఫలితం లేదు" అనిపించుకుని ఆగిపోతుంది. నిజానికి అప్పటికి మందు పనిచేయడం మొదలుపెట్టే ఉంటుంది.

అదే సూత్రం మీ ప్రాజెక్టులకీ వర్తిస్తుంది. నెలకి రెండు ప్రాజెక్టులు పూర్తిచేయగల సంస్థ ఒకేసారి 24 నడిపితే ఒక్కోటి సగటున ఏడాది పడుతుంది. 8 నడిపితే 4 నెలలు. ఏడాది సాగిన ప్రాజెక్టులో మనుషులు బదిలీ అవుతారు, స్పాన్సర్ మారతారు, మొదట ఎందుకు పెట్టామో మరుపున పడుతుంది. మిగతా 16ని చంపమనడం లేదు, వరసలో నిలబెట్టమంటున్నాం. ఈ నిర్ణయం ఏ ప్రాజెక్టు మేనేజరూ తీసుకోలేరు, ఎందుకంటే ఎవరి ప్రాజెక్టు వాళ్ళకి ముఖ్యం.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన నెల్సన్ రెపెనింగ్, జాన్ స్టెర్మన్ 2001లో ఒక వలయాన్ని వివరించారు. ప్రతి అధిపతీ దాన్ని ఒకసారి చదివి తీరాలి. లక్ష్యం అందడం లేదని ఒత్తిడి పెంచితే, జనం మెరుగుదలకీ మరమ్మతుకీ పెట్టే సమయాన్ని కోసేసి రోజువారీ పనిలో పెడతారు. వెంటనే అంకె పెరుగుతుంది. ఒత్తిడి పనిచేసిందని పైవాళ్ళకి నమ్మకం కుదురుతుంది. కోసేసిన మెరుగుదల ఫలితం నెలల తర్వాత సామర్థ్యం తరుగుదలగా బయటపడుతుంది, అప్పటికి దాని కారణం ఎవరికీ గుర్తుండదు. దాంతో మళ్ళీ ఒత్తిడి. దీనికి ఎదురుదారిలో వెళ్తే ముందు అంకె తగ్గుతుంది, తర్వాతే పెరుగుతుంది. అందుకని మొదలుపెట్టేముందే మీ మేనేజర్లతో కూర్చుని ఒప్పుకోవాల్సింది ఇది: ఎన్ని వారాలు, ఎంత శాతం తగ్గితే మేం అరవం? ఆ మాట కాగితం మీద లేకపోతే మొదటి చెడ్డ నెలాఖరుకే టీముని వెనక్కి పిలిపిస్తారు.

నాలుగోది ఉద్యోగ భద్రత, అన్నిటికన్నా సున్నితమైంది. ఎనలాగ్ డివైసెస్ అనే సెమీకండక్టర్ సంస్థ 1987లో నాణ్యత కార్యక్రమం మొదలుపెట్టింది. 1990కల్లా ఉత్పత్తుల్లో లోపాలు పదోవంతుకి దిగాయి, సకాలంలో డెలివరీ 70 శాతం నుంచి 96 శాతానికి ఎదిగింది. పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి విజయం దొరకదు. కానీ ఉత్పత్తి సామర్థ్యం పెరిగినంత వేగంగా అమ్మకాలు పెరగలేదు, షేరు ధర పడిపోయింది, సంస్థ చరిత్రలో మొదటిసారి ఉద్యోగులను తొలగించారు. ఆ తర్వాత మెరుగుదల మీద సిబ్బందికి ఉత్సాహం అడుగంటింది. ఎవరు ఉత్సాహంగా ఉంటారు? తన పనిని సులువు చేసుకుంటే తన కుర్చీ పోతుందని ఒక్కసారి చూసినవాళ్ళు మళ్ళీ నోరు విప్పరు. మీరు పిలిచిన ప్రతి వర్క్‌షాప్‌కీ వస్తారు, తల ఊపుతారు, అసలు చిక్కు ఎక్కడుందో చెప్పరు. దాన్నే మనం "మార్పుకి ఎదురుతిరగడం" అంటున్నాం. హామర్ కూడా 1996లో, తన ఇంజినీరింగ్ దృష్టి వల్ల మనుషుల సంగతిని తగినంత పట్టించుకోలేదని బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఒకవేళ మీకు నిజంగా మనుషులను తగ్గించాల్సిన అవసరం ఉంటే, అది ముందు చేసి, కారణం చెప్పి, తర్వాత మెరుగుదల మొదలుపెట్టండి. రెండింటినీ ముడిపెట్టకండి. మెరుగుదల వల్ల మిగిలే మనుషులకు ఏం చేస్తారో మొదటి రోజే రాసి ఇవ్వండి: ఏ విభాగానికి పంపుతారు, జీతం తగ్గదన్న హామీ ఎన్నాళ్ళు, ఖాళీ అయిన పోస్టులను భర్తీ చేయకుండా ఎలా సర్దుతారు. నోటిమాట చాలదు.

సిబ్బంది మారరన్న మాటకి మనుషులే జవాబు చెప్పిన సందర్భం ఒకటుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. గైర్హాజరు, గొడవలు, నాసిరకం కార్లు దానికి పేరు. 1984లో టొయోటాతో కలిసి నుమ్మీ అనే పేరుతో అదే చోట తెరిచారు. తీసుకున్నవాళ్ళలో అత్యధికులు ఆ పాత ఫ్యాక్టరీవాళ్ళే, యూనియన్ కూడా అదే. కొద్దికాలంలోనే టొయోటా జపాన్ ఫ్యాక్టరీలతో పోల్చదగ్గ నాణ్యత వచ్చింది. అక్కడ లైను పక్కన ఒక తాడు వేలాడేది. ఇబ్బంది వచ్చిన కార్మికుడు దాన్ని లాగితే టీమ్ లీడర్ పరుగున వచ్చేవాడు, కారు ఆ చోటు దాటేలోపు సరికాకపోతే లైను ఆగేది. జనరల్ మోటార్స్ తన ఇతర ఫ్యాక్టరీలకి ఈ పద్ధతిని పాకించడానికి ఏళ్ళ తరబడి కష్టపడింది. తాడు కట్టడం ఒక్క రోజు పని. లాగినవాడిని "ఎందుకు ఆపావు" అని గద్దించకుండా "ఏం అడ్డొచ్చింది" అని అడిగే సూపర్‌వైజర్లు ఉండాలి, నలుగురైదుగురు కార్మికులకి ఒక టీమ్ లీడర్ చొప్పున సాయానికి మనుషులుండాలి, లైను ఆగిన నిమిషాలను నేరంగా లెక్కించని మేనేజర్లు ఉండాలి. మీ సంస్థలో బిల్లు గుమాస్తా చేతిలో అలాంటి తాడు ఏది? ఒకే రకం తప్పు మూడోసారి వచ్చినప్పుడు ఆ గుమాస్తా ఎవరికి చెబితే ఎవరు లేచి వస్తారు?

మిగతా కారణాలు త్వరగా చెబుతాం. పైలట్ (ముందుగా ఒకచోట చేసే చిన్న ప్రయోగం) బాగా రావడం, విస్తరించాక చల్లారడం మామూలు. పైలట్‌కి మంచి టీమునే ఎంచుకుంటారు, అదనంగా మనుషులను ఇస్తారు, రోజూ పెద్దవాళ్ళు వచ్చి పలకరిస్తారు. పైగా కార్యక్రమం సాధారణంగా అన్నిటికన్నా చెడ్డ నెల చూశాకే మొదలవుతుంది. చెడ్డ నెల తర్వాత ఏమీ చేయకపోయినా అంకె మామూలు స్థాయికి రావడం సహజం, అది మన గొప్ప కాదు. రెండో పైలట్‌ని ఒక సాదాసీదా టీములో, అదనపు మనుషులు లేకుండా పెట్టి చూశాకే విస్తరించండి.

అంకె చదవడం కూడా నేర్చుకోవాలి. ఐదు నెలల సగటు రోజులు 17, 19, 16, 20, 18 అనుకోండి. 20 వచ్చిన నెలలో సంజాయిషీ అడుగుతారు, 16 వచ్చిన నెలలో అభినందిస్తారు. బెల్ సంస్థలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924లోనే దీనికి కంట్రోల్ చార్ట్ అనే పనిముట్టు ఇచ్చాడు. సగటు 18. పక్కపక్క నెలల తేడాలు 2, 3, 4, 2, వాటి సగటు 2.75. దాన్ని ఈ చార్ట్‌లో వాడే స్థిర సంఖ్య 2.66తో గుణిస్తే దాదాపు 7.3. అంటే 10.7 నుంచి 25.3 లోపు వచ్చే ఏ అంకె అయినా ఆ వ్యవస్థ సహజమైన ఊగిసలాటే. నిజంగా వాడేటప్పుడు ఐదు చాలవు, పన్నెండు పదిహేను అంకెలైనా ఉండాలి. ఆ రెండు హద్దుల లోపల ఉన్న నెలకి సంజాయిషీ అడిగితే జనం కారణాలు కల్పిస్తారు, ఆ కల్పించిన కారణానికి మీరు కొత్త రూలు పెడతారు, ప్రాసెస్‌కి ఇంకో గడి చేరుతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి: యూనిట్ తేడా సరిచేయకుండా ఆటోమేషన్ పెడితే 480కీ 40కీ కుదరదని కంప్యూటర్ ఇంకా వేగంగా చెబుతుంది, అంతే. ముందు అనవసరమైన అడుగులు తీసేయండి, తర్వాత డేటా సరిచేయండి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ కొనండి. శిక్షణ కూడా కొత్త పద్ధతి అమల్లోకి వచ్చే వారంలోనే ఇవ్వండి. మూడు నెలల ముందు నేర్పింది వాడేరోజుకి గుర్తుండదు.

లాభం లెక్క: 480 మందికి రోజుకి 10 నిమిషాలు ఆదా అంటే 4,800 నిమిషాలు, అంటే 10 మంది 8 గంటల పని అని రిపోర్టు రాస్తారు. ఆ పది జీతాలు ఏ ఖాతాలోనూ మిగలవు, ఎందుకంటే ఆ పది నిమిషాలు 480 చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. ఫైనాన్స్ విభాగం ఒప్పుకుని సంతకం పెట్టిన ఆదాను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. మిగతాదాన్ని "సమయం మిగిలింది" అని వేరుగా, నిజాయితీగా రాయించండి. రెండేళ్ళకి ఫైనాన్స్ వచ్చి "చెప్పిన ఆదా ఏది?" అని అడిగినప్పుడు కూలిపోయే కార్యక్రమాలు మంచి పని చేసినవి కూడా అయివుంటాయి.

చివరగా, పాత దారి మూసేయడం. కొత్త పద్ధతి మొదలయ్యాక కూడా పాత ఫారం ప్రింటవుతూ ఉంటుంది, పాత ఎక్సెల్ షీటు ఒకరి కంప్యూటర్‌లో బతికే ఉంటుంది, "అర్జెంటు" అని ఫోన్ చేస్తే పాత పద్ధతిలో పని అయిపోతూ ఉంటుంది. ఆ ఫోన్లు ఎక్కువగా మీ ఆఫీసు నుంచే వస్తాయి. దయచేసి ఇది గమనించండి. పాత ఫారాన్ని ఏ తేదీన ఆపేస్తారో ముందే ప్రకటించి, ఆ రోజున సిస్టమ్‌లోనే మూసేయించండి. 30, 60, 90 రోజుల దగ్గర మీరే వెళ్ళి వరసగా 20 బిల్లులు తీసి కొత్త దారిలో వెళ్ళాయో లేదో చూడండి. తప్పించుకుని వెళ్ళిన బిల్లు కనబడితే మనిషిని అడగకండి, కొత్త దారిలో ఏది ఇరుగ్గా ఉందో అడగండి. ఆరు నెలల దాకా టీములో కనీసం ఒకరిని ఆ పని మీదే ఉంచండి. కన్సల్టెంట్లు వెళ్ళిపోయిన రోజున ఐటమ్ మాస్టర్ తాళం ఎవరి చేతికి వచ్చిందో ఆ పేరు నోటీసు బోర్డులో ఉండాలి.

మీ సంస్థలో ఇలాంటి కార్యక్రమం ఇప్పటికే నడుస్తూ ఉంటే, వచ్చే రివ్యూ మీటింగ్‌ని వాయిదా వేసి ఆ రెండు గంటలూ అకౌంట్స్ గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోమని కోరుతున్నాం. ఎవరినీ వెంట తీసుకెళ్ళకండి. ఆగిపోయిన బిల్లుల్లో అన్నిటికన్నా పాత పది తీయించండి. ఒక్కోదానికి, "దీన్ని ఇప్పుడే కదిలించాలంటే ఎవరి అనుమతి కావాలి?" అని అడిగి, వచ్చిన ప్రతి పేరూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆ పేర్ల మీద అధికారం ఎవరిదో ఆ కాగితం చివర రాసి, ప్రాసెస్ ఓనర్ నియామక పత్రాన్ని దానికి తగ్గట్టు మళ్ళీ రాయించండి.

ఇట్లు,
ప్రాసెస్ మెరుగుదల పనిలో ఉన్న కొందరు ఉద్యోగులు, సలహాదారులు